ప్రార్థనా కావాలి, డాక్టరూ కావాలి
అమెరికా తెలుగు సంఘాల్లో కౌన్సెలింగ్: చట్టం తప్పుకున్న చోట మనమే హద్దులు గీసుకోవాలి

అమెరికాలో ఉండే తెలుగువాడికి మనసు బాగాలేకపోతే ముందు ఎవరికి చెప్పుకుంటాడు? ఊళ్ళో అమ్మానాన్నలకు చెప్పడు, బెంగపెట్టుకుంటారని. ఆఫీసులో చెప్పడు, ఉద్యోగానికి ఎసరొస్తుందని. స్నేహితుడికి చెబితే శనివారం పార్టీకల్లా నలుగురి నోళ్ళలో పడుతుందని భయం. ఇక క్రైస్తవ కుటుంబమైతే మిగిలేది పాస్టరుగారే. ఆదివారం ఆరాధన అయిపోయాక, అందరూ భోజనాల దగ్గరికి వెళ్తుంటే ఒకాయన వెనకాల ఆగిపోతాడు. "అయ్యగారూ, ఓ అయిదు నిమిషాలు మాట్లాడాలి" అంటాడు. ఆ అయిదు నిమిషాలు గంటన్నర అవుతుంది.

ఇది ఒక ఊరి సంగతి కాదు. డాలస్, హ్యూస్టన్, అట్లాంటా, షికాగో, న్యూజెర్సీ, ఎక్కడ తెలుగు సంఘం ఉంటే అక్కడ జరిగేదే. అమెరికాలోని భారతీయుల్లో దాదాపు 15 శాతం మంది క్రైస్తవులమని చెప్పుకున్నట్టు ప్యూ రీసెర్చ్ సెంటర్ 2022-23 సర్వేలో తేలింది. అందులో తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. ఇళ్ళలో జరిగే ప్రార్థన కూడికలకు క్రైస్తవేతరులైన ఇరుగుపొరుగు తెలుగువాళ్ళు రావడం కూడా మామూలే. కష్టం మతం చూసి రాదు కదా.

ఈమధ్య కష్టాలకు కొదవా లేదు. 2025 సెప్టెంబర్ 19న కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు అంటూ అధ్యక్షుడు ట్రంప్ ప్రకటన చేసినప్పుడు, అది ఎవరికి వర్తిస్తుందో తెలియక ఆ వారాంతమంతా మనవాళ్ళు నిద్రపోలేదు. సెలవు మీద ఇండియా వెళ్ళినవాళ్ళు ఉరుకుల పరుగుల మీద తిరుగు టిక్కెట్లు కొన్నారు. హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి మామూలుగా ఇచ్చే గడువు 60 రోజులకు మించదు. గ్రీన్‌కార్డు క్యూ సంగతి సరేసరి. అప్పులు చేసి వచ్చిన విద్యార్థులు, ఇల్లు దాటి కదల్లేని భార్యలు, తండ్రి చనిపోయినా వీసా స్టాంపింగ్ భయంతో వెళ్ళలేకపోయిన కొడుకులు, వీళ్ళందరి గోడు వినే చోటు ఏదో ఒకటి ఉండాలి. చాలామందికి ఆ చోటు చర్చి అయింది.

మంచిదే. అయితే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. విన్న తర్వాత ఏం చేయాలో ఆ విన్నవాళ్ళకు తెలుసా?

పాస్టరుగారి దగ్గరికే ఎందుకు?

ఇది మనవాళ్ళ అలవాటు ఒక్కటే అనుకోవద్దు. అమెరికన్లదీ ఇదే దారి. మానసిక సమస్యకు ఎప్పుడైనా సాయం కోరిన అమెరికన్లలో దాదాపు నాలుగో వంతు మంది మతగురువును ఆశ్రయించారని 2003లో అచ్చయిన ఒక ప్రముఖ అధ్యయనం చెప్పింది. అలా వెళ్ళినవాళ్ళలో సగానికి పైగా ఆ ఏడాదిలో మతగురువును తప్ప వేరే డాక్టరునుగానీ థెరపిస్టునుగానీ చూడనేలేదు. అంటే చాలామందికి చర్చి మొదటి మెట్టే కాదు, ఆఖరి మెట్టు కూడా.

మన సంగతికొస్తే కారణాలు ఇంకా గట్టివి. మొదటిది భాష. "గుండెలో ఏదో బరువుగా ఉంది", "ఏమీ తోచడం లేదు", "మనసంతా గుబులుగా ఉంది" లాంటి మాటల్ని ఇంగ్లీషులో చెప్పబోతే సగం ఆవిరైపోతాయి. రెండోది ఖర్చు. లైసెన్సున్న కౌన్సెలర్ దగ్గర ఒక్క గంటకు వంద డాలర్లు దాటడం మామూలే, అదీ ఇన్సూరెన్సు ఒప్పుకోకపోతే మన జేబులోంచే. మూడోది అపాయింట్‌మెంట్. నెల తర్వాత రమ్మంటారు. పాస్టరుగారైతే రాత్రి పదకొండింటికి కూడా ఫోనెత్తుతారు. నాలుగోది పరువు. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళాడంటే "పిచ్చట" అంటారు. చర్చికి వెళ్ళాడంటే "భక్తి పెరిగింది" అంటారు.

వీటికి తోడు, చర్చి మాట దగ్గర ఆగిపోదు. కూర వండి పంపుతుంది. బాలింతకు తోడుంటుంది. ఉద్యోగం పోయినవాడి రెజ్యూమె నలుగురికి పంపుతుంది. శవాన్ని ఇండియా పంపాలంటే చందాలు పోగుచేస్తుంది. ఒంటరితనానికి ఇంతకంటే మంచి మందు ఏ ఫార్మసీలోనూ దొరకదు. దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళకు వలస బతుకు తెలియదనే చెప్పాలి.

నేను పనిచేసే నిర్మాణ రంగంలో ఈ సంగతి కళ్ళెదుట కనిపిస్తుంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2023 డిసెంబర్‌లో ప్రచురించిన 2021 లెక్కల ప్రకారం, పనిచేసే మగవాళ్ళలో లక్షకు 32 మంది ఆత్మహత్య చేసుకుంటే, నిర్మాణ రంగంలో ఆ సంఖ్య 56. ఒకప్పుడు సైటు మీద పొద్దున్నే జరిగే సేఫ్టీ మీటింగులో హెల్మెట్టూ, బెల్టూ, నిచ్చెనా తప్ప వేరే మాట ఉండేది కాదు. 2020 నుంచి ప్రతి సెప్టెంబర్‌లో ఆత్మహత్యల నివారణ వారం జరుపుతున్నారు. కండలు తిరిగిన మనుషులు కూడా లోపల విరిగిపోతారని ఈ పరిశ్రమ ఆలస్యంగానైనా ఒప్పుకుంది. మన సంఘాలు కూడా ఒప్పుకోవాల్సిన సమయం వచ్చింది.

ఒకే బోర్డు, నాలుగు రకాల మనుషులు

అమెరికాలో "క్రిస్టియన్ కౌన్సెలింగ్" అనే బోర్డు వెనక కనీసం నాలుగు రకాలవాళ్ళు ఉంటారు. ఈ తేడా తెలియకే మనవాళ్ళు చాలామంది ఇబ్బందుల్లో పడుతున్నారు.

మొదటి రకం, ప్రభుత్వ లైసెన్సున్న కౌన్సెలర్లు, సైకాలజిస్టులు. వీళ్ళు చదివింది మానసిక శాస్త్రం, నమ్మింది క్రీస్తును. కాలిఫోర్నియాలోని ఫుల్లర్ సెమినరీ 1965లోనే సైకాలజీ స్కూలు పెట్టి ఇలాంటివాళ్ళను తయారుచేయడం మొదలెట్టింది. వీళ్ళు తప్పు చేస్తే రాష్ట్ర బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు, లైసెన్సు పోతుంది.

రెండో రకం, ఆసుపత్రుల్లో పనిచేసే చాప్లిన్లు. వీళ్ళ శిక్షణకు పునాది వేసిన ఆంటన్ బోయిసెన్ కథ తెలుసుకోదగ్గది. ఆయన పాదిరీ. 1920లో తానే తీవ్రమైన మానసిక వ్యాధితో ఆసుపత్రి పాలయ్యాడు. కోలుకున్నాక మసాచుసెట్స్‌లోని వూస్టర్ స్టేట్ హాస్పిటల్‌లో చాప్లిన్‌గా చేరాడు. 1925లో దైవశాస్త్ర విద్యార్థులను ఆ వార్డుల్లోకి తీసుకెళ్ళి, రోగుల మధ్యే వాళ్ళకు శిక్షణ ఇచ్చాడు. పుస్తకాలు చదివినట్టే మనిషి బాధను కూడా చదవడం నేర్చుకోవాలన్నది ఆయన పద్ధతి. నేటికీ చాప్లిన్లు ఆ దారిలోనే శిక్షణ పొందుతున్నారు.

మూడో రకం, "బిబ్లికల్ కౌన్సెలర్లు". 1970లో జే ఆడమ్స్ అనే పాస్టరు రాసిన "కాంపిటెంట్ టు కౌన్సెల్" పుస్తకంతో ఈ ఉద్యమం ఊపందుకుంది. శరీర సంబంధమైన జబ్బును వదిలేస్తే, మనిషి మనసు సమస్యలకు బైబిలే చాలునని, సైకాలజీతో పనిలేదని ఆయన వాదం. 1976లో వీళ్ళకు ఒక సంఘం ఏర్పడింది. అది ఇచ్చేది సర్టిఫికెట్. ప్రభుత్వ లైసెన్సు వేరు. వీళ్ళలో డాక్టరు దగ్గరికి పంపేవాళ్ళూ ఉన్నారు, వద్దనేవాళ్ళూ ఉన్నారు.

నాలుగో రకం, "అంతరంగ స్వస్థత" పేరుతో ప్రార్థన చేసేవాళ్ళు. పాత గాయాల జ్ఞాపకాల్లోకి మనిషిని తీసుకెళ్ళి, అక్కడ ప్రభువు సన్నిధిని తలుచుకోమంటారు. ఏడ్చి తేలికపడినవాళ్ళు ఎందరో ఉన్నారు. కానీ ఇందులో నిప్పు కూడా ఉంది. మిస్సోరీ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక చర్చి కౌన్సెలర్, తండ్రి తనపై అఘాయిత్యం చేశాడన్న "జ్ఞాపకాలు" ఒక యువతి మనసులో పుట్టేలా చేసింది. వైద్య పరీక్షలో అదంతా జరగలేదని తేలింది. 1996లో పది లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. డబ్బొచ్చింది సరే, ఆ కుటుంబం పడ్డ నరకానికి ఖరీదు కట్టేదెవరు? ఆ రోజుల్లో లైసెన్సున్న థెరపిస్టులు కొందరు కూడా ఇదే తప్పు చేశారన్నది కూడా నిజం. జ్ఞాపకాలతో ఆట ఎవరు ఆడినా ప్రమాదమే.

మన తెలుగు సంఘాల్లో మామూలుగా ఉండేది ఈ నాలుగింటిలో ఏదీ కాదు. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగమో మరొకటో చేసుకుంటూ, సాయంత్రాలూ ఆదివారాలూ సంఘాన్ని నడిపే పాస్టరుగారు, ఆయన భార్య, ఇద్దరు ముగ్గురు పెద్దలు. మనసున్నవాళ్ళు, ఓపిక ఉన్నవాళ్ళు. వాళ్ళ మీద మనం మోపుతున్న బరువు మాత్రం వాళ్ళ శిక్షణకు మించింది.

ఒక చావు, ఒక తీర్పు

ఈ విషయంలో అమెరికా చట్టం ఎక్కడుందో తెలియాలంటే న్యాలీ కేసు తెలుసుకోవాలి. కెన్నెత్ న్యాలీ లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని గ్రేస్ కమ్యూనిటీ చర్చికి వెళ్ళే 24 ఏళ్ళ యువకుడు. ఆ సంఘం పాస్టరు జాన్ మెకార్థర్, దేశమంతా పేరున్నవాడు. న్యాలీ కుంగుబాటుతో బాధపడుతూ సంఘంలోని పాస్టర్ల దగ్గర కౌన్సెలింగ్ తీసుకునేవాడు. 1979 మార్చిలో ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రిలో చేరాడు. అక్కడ తనను చూడవచ్చిన పాస్టర్లతో, బతికినందుకు బాధగా ఉందన్నట్టు మాట్లాడాడు. ఆ మాట వాళ్ళు డాక్టర్లకు చేరవేయలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక కొన్నాళ్ళు మెకార్థర్ ఇంట్లోనే ఉన్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళమని మెకార్థర్ అతనికి చెప్పాడు కూడా. మానసిక వైద్యశాలలో చేరమని వైద్యుల నుంచి సూచన వచ్చినా అతనికీ ఇంట్లోవాళ్ళకూ మనసు ఒప్పలేదు. ఏప్రిల్ 1న అతను ప్రాణం తీసుకున్నాడు.

తల్లిదండ్రులు 1980లో చర్చి మీద కేసు వేశారు. దేశంలో "పాదిరీ వృత్తిలో నిర్లక్ష్యం" అనే ఆరోపణపై అంత పెద్ద కేసు అంతకు ముందు లేదు. కింది కోర్టు, అప్పీలు కోర్టు మధ్య ఏళ్ళ తరబడి నలిగింది. చివరికి 1988 నవంబర్‌లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చర్చికి అనుకూలంగా తీర్పిచ్చింది. లైసెన్సు లేని, వృత్తి వైద్యులు కాని కౌన్సెలర్లకు, ఆత్మహత్య ఆలోచన ఉన్న మనిషిని వైద్యుడి దగ్గరికి పంపి తీరాలన్న చట్టపరమైన బాధ్యత లేదని చెప్పింది. ఒక్కో మతానిదీ ఒక్కో నమ్మకం కాబట్టి అందరికీ ఒకే కొలత పెట్టడం కోర్టు పని కాదని కూడా భావించింది. 1989లో అమెరికా సుప్రీంకోర్టు ఈ కేసును విచారణకు తీసుకోలేదు.

ఆ తర్వాత ఇతర రాష్ట్రాల కోర్టులు కూడా "పాదిరీ నిర్లక్ష్యం" పేరుతో వచ్చిన కేసుల్ని చాలావరకు కొట్టేశాయి. లైంగిక దోపిడీ, మోసం లాంటివి వేరే సంగతి. వాటికి శిక్ష ఉంది. కానీ చెడ్డ సలహాకు, సమయానికి డాక్టరు దగ్గరికి పంపకపోవడానికి మామూలుగా జవాబు చెప్పాల్సిన పని లేదు.

దీన్ని చర్చిలు గెలుపుగా చూశాయి. మత స్వేచ్ఛ కోణంలో చూస్తే సరైనదే కావచ్చు. అయితే మామూలు విశ్వాసి వైపు నుంచి ఒకసారి చూడండి. నేను కడుతున్న గోడకు లైసెన్సున్న ఇంజనీరు సంతకం కావాలి. ఊరి ఇన్‌స్పెక్టరు వచ్చి చూడాలి. అదే ఒక మనిషి ప్రాణం ఊగిసలాడుతుంటే చెప్పే మాటకు ఏ ఇన్‌స్పెక్షనూ లేదు. చట్టం ఆ గదిలోకి రానంది. రానన్న చోట ఏం జరగాలో నిర్ణయించాల్సింది ఆ సంఘమే. అది పట్టించుకోకపోతే ఇంకెవరూ పట్టించుకోరు.

ఎక్కడ దారి తప్పుతోంది?

మన సంఘాల్లో తరచూ కనిపించే పొరపాట్లు నాలుగు.

ఒకటి, మాత్రలు మాన్పించడం. "విశ్వాసం ఉంటే ఈ గోళీలెందుకు సిస్టర్?" అన్న ఒక్క మాట చాలు. డాక్టరు సలహా లేకుండా డిప్రెషన్ మందులు ఠక్కున ఆపితే నిద్ర చెడుతుంది, కళ్ళు తిరుగుతాయి, జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. బైపోలార్, స్కిజోఫ్రెనియా లాంటివాటిలో అయితే ప్రాణం మీదికే రావచ్చు. షుగరుకు ఇన్సులిన్ మానేయమని చెప్పని పాస్టరుగారు, దీనికి మాత్రం ఎందుకు చెప్పాలి?

రెండు, రహస్యం నిలవకపోవడం. పాస్టరుకు చెప్పుకున్నదాన్ని కోర్టులో బయటపెట్టమని బలవంతం చేయకుండా ఇక్కడి రాష్ట్రాల చట్టాల్లో ఏదో ఒక రూపంలో రక్షణ ఉంది. కానీ అది కోర్టు సంగతి. బుధవారం ప్రార్థన కూడికలో "ఫలానా కుటుంబం కోసం ప్రార్థిద్దాం, భార్యాభర్తల మధ్య సమాధానం లేదు" అంటే అది ప్రార్థన మనవి ముసుగులో దండోరా. వందమంది ఉండే చిన్న లోకంలో పేరు చెప్పకపోయినా అందరికీ అర్థమైపోతుంది. ఆ తర్వాత ఆ ఇల్లాలు మళ్ళీ ఎవరి దగ్గరా నోరు తెరవదు.

మూడు, దెబ్బలు తిన్న ఆడమనిషిని సర్దిచెప్పి ఇంటికి పంపడం. "లోబడి ఉండమ్మా, ప్రార్థన చెయ్యి, మారతాడు" అన్న సలహా ఆమెను ప్రమాదంలోకే తోస్తుంది. వీసా భర్త చేతిలో, బ్యాంకు ఖాతా భర్త చేతిలో, కారు తాళాలు భర్త చేతిలో ఉన్నప్పుడు భార్యాభర్తలిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేసే కౌన్సెలింగ్‌లో ఆమె నిజం చెప్పగలదా? న్యూజెర్సీలో 1985 నుంచి మానవి, హ్యూస్టన్‌లో 1996 నుంచి దయ లాంటి సంస్థలు దక్షిణాసియా మహిళల కోసమే పనిచేస్తున్నాయి. దేశవ్యాప్త గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233. ఈ నంబర్లు ప్రతి సంఘం ఆడవాళ్ళ బాత్‌రూమ్ తలుపు లోపలివైపు అంటించి ఉండాలి. పిల్లల సంగతైతే ఇంకా స్పష్టం. టెక్సాస్‌లో పిల్లలపై అఘాయిత్యం జరిగిందన్న అనుమానం కలిగితే పాస్టరుతో సహా ఎవరైనా అధికారులకు చెప్పి తీరాలి. "సంఘం పరువు" అనే మాటకు అక్కడ చోటు లేదు.

నాలుగు, ప్రతిదానికీ దయ్యాన్ని చూపించడం. చెవిలో మాటలు వినబడుతున్నాయన్న కుర్రాడిని మూడు వారాలు ఉపవాస ప్రార్థనల్లో కూర్చోబెడితే, వైద్యానికి అత్యంత విలువైన మొదటి రోజులు పోతాయి. ఇది ఒక మతం జబ్బేమీ కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గర స్వస్థత కోసం తెచ్చి గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు 28 మంది మంటల్లో కాలిపోయారు. గొలుసులతో కట్టడాన్ని మన దేశం 2017 చట్టంతో స్పష్టంగా నిషేధించింది. గుడైనా, దర్గా అయినా, చర్చి అయినా, నమ్మకం డాక్టరుకు అడ్డుగోడగా నిలబడితే ఫలితం ఒకటే.

మన చరిత్రే దారి చూపిస్తోంది

ఇలా అంటే కొందరికి కోపం రావచ్చు. "విశ్వాసాన్ని తక్కువ చేస్తున్నారు" అనవచ్చు. తెలుగు క్రైస్తవుల చరిత్ర ఒక్కసారి తిరగేస్తే ఆ కోపం నిలవదు.

ఒంగోలుకు 1866లో వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్, అంతకు ముందు తన దేశంలో సర్వేయరుగా పనిచేసినవాడు. 1876-78 కరువులో జనం ఆకలితో రాలిపోతుంటే ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పనిని కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమందికి కూలి దొరికింది. ఆయన దగ్గరి తెలుగు బోధకులే పని చూసే మేస్త్రీలయ్యారు. విశ్రాంతి వేళ కూలీల పక్కన కూర్చుని వాళ్ళ కష్టం విన్నారు, ఓదార్పు చెప్పారు. అయినా కరువు సాయం జరిగినన్నాళ్ళూ, దాదాపు 15 నెలలు, క్లఫ్ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆకలి కోసం మతం మారారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాకే, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇందులో ఇవాళ్టి కౌన్సెలింగ్‌కు పనికొచ్చే పాఠాలు రెండున్నాయి. ఆకలిగా ఉన్నవాడికి ముందు కూడు, కూలి, ఆ తర్వాతే వాక్యం. ఇంకోటి, మనిషి కుంగి ఉన్న సమయాన్ని మన లాభానికి వాడుకోకూడదు. మనసు విరిగి వచ్చినవాణ్ని సంఘం సభ్యుణ్ని చేసుకునే అవకాశంగా చూస్తే అది కౌన్సెలింగ్ అనిపించుకోదు. మతం మారమన్న ఒత్తిడి లేకుండా వినే చోటైతేనే, పక్కింటి హిందూ కుర్రాడైనా ముస్లిం కుర్రాడైనా ధైర్యంగా వచ్చి కూర్చుంటాడు.

ఇంకో ఉదాహరణ. చిత్తూరు, నెల్లూరు జిల్లాలవాళ్ళకు వేలూరు ఆసుపత్రి అంటే సొంత ఆసుపత్రి లెక్క. ఆ సీఎంసీ వాళ్ళు 1957లో మానసిక వైద్య కేంద్రం తెరిచినప్పుడు రోగి పక్కన ఇంట్లోవాళ్ళు కూడా ఉండే ఏర్పాటు చేశారు. ప్రార్థనామందిరం ఉన్న ఆసుపత్రే సైకియాట్రీ వార్డు పెట్టింది. అంతకు ముందే, 1950లో, అమెరికన్ మిషనరీ స్టాన్లీ జోన్స్ లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక వైద్య కేంద్రం స్థాపించాడు. ఇండియాలో సేవ మొదలెట్టిన తొలి ఏళ్ళలో పని ఒత్తిడికి ఆయన ఆరోగ్యమే కుప్పకూలింది. ప్రార్థన విలువా తెలుసు, వైద్యం అవసరమూ తెలుసు.

బైబిల్ చదివేవాళ్ళకు ఏలీయా కథ తెలిసిందే. బదరీ చెట్టు కింద కూలబడి చావు కోరుకున్న ప్రవక్తను దేవదూత కోప్పడలేదు, విశ్వాసం తగ్గిందనలేదు. రొట్టె పెట్టాడు, నీళ్ళిచ్చాడు, నిద్రపోనిచ్చాడు. మంచి సమరయుడి కథలో ఇంకో సంగతి ఉంది. అతను గాయాలు కట్టాడు. తర్వాత ఆ మనిషిని పూటకూళ్ళవాడికి అప్పగించాడు. డబ్బిచ్చాడు. మళ్ళీ వస్తానన్నాడు. చర్చి కౌన్సెలింగ్‌కు ఇంతకంటే మంచి నమూనా లేదు: ప్రథమ చికిత్స చెయ్యి, తెలిసినవాళ్ళకు అప్పగించు, ఖర్చులో చెయ్యి వెయ్యి, అప్పగించాక మర్చిపోకుండా తిరిగి వచ్చి చూడు.

అమెరికన్ చర్చిలు కూడా దెబ్బ తిన్నాకే మారాయి. 2013లో లైఫ్‌వే రీసెర్చ్ సర్వేలో 48 శాతం ఇవాంజెలికల్ క్రైస్తవులు ప్రార్థన, బైబిల్ పఠనంతోనే తీవ్ర మానసిక వ్యాధిని జయించవచ్చన్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో సాడిల్‌బ్యాక్ చర్చి పాస్టరు రిక్ వారెన్ కొడుకు మాథ్యూ, 27 ఏళ్ళవాడు, ఆత్మహత్య చేసుకున్నాడు. మంచి డాక్టర్లు, మందులు, ప్రార్థనలు అన్నీ ఉన్నా నిలబడలేదు. వారెన్ దంపతులు దాన్ని దాచలేదు. మరుసటి ఏడాది మార్చిలో కేథలిక్ డయోసిస్‌తో, మానసిక రోగుల కుటుంబాల సంస్థ నామీతో కలిసి తమ చర్చిలోనే పెద్ద సదస్సు పెట్టారు. అంత పెద్ద పాస్టరు ఇంట్లోనే జరిగిందంటే ఇది విశ్వాసం కొరత కాదని లక్షలమందికి అర్థమైంది.

మనం ఏం చేయవచ్చు?

పెద్ద బడ్జెట్లు అక్కర్లేదు. ప్రతి తెలుగు సంఘం ఒక కాగితం మీద నాలుగు నియమాలు రాసుకుంటే చాలు. చావు మాట ఎత్తిన మనిషిని ఒంటరిగా వదలం, అదే రోజు వైద్య సాయానికి చేరుస్తాం. డాక్టరు ఇచ్చిన మందుల జోలికి పోం. చెప్పింది బయటికి పోనివ్వం, ప్రాణాపాయం, పిల్లలపై అఘాయిత్యం తప్ప. హింస ఉన్న ఇంట్లో భార్యాభర్తల్ని కలిపి కూర్చోబెట్టం. ఈ కాగితం గోడకు అంటించాలి. పాస్టరుగారికీ అదే రక్షణ. అర్ధరాత్రి ఫోను వచ్చినప్పుడు ఏం చేయాలో తోచక తల్లడిల్లే పని ఉండదు.

సంఘంలో నర్సులున్నారు, ఫిజీషియన్లున్నారు, సోషల్ వర్క్ చదివే పిల్లలున్నారు. వాళ్ళలో ఇద్దర్ని ఈ పనికి పెట్టుకోవాలి. దగ్గర్లో తెలుగు లేదా హిందీ వచ్చిన కౌన్సెలర్లు, ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఎక్కడున్నాయో జాబితా రాసి పెట్టుకోవాలి. చాలా కంపెనీలు ఉద్యోగులకు కొన్ని కౌన్సెలింగ్ సెషన్లు ఉచితంగా ఇస్తాయి, యూనివర్సిటీలు విద్యార్థులకు ఇస్తాయి. ఈ సంగతి తెలియకే మనవాళ్ళు వాడుకోరు.

సాయం కోరి వెళ్ళేవాళ్ళు కూడా మొహమాటం లేకుండా మూడు ప్రశ్నలు అడగాలి. మీకు రాష్ట్ర లైసెన్సు ఉందా? నేను చెప్పింది ఎవరికి తెలుస్తుంది? నా సమస్య మీ చేతిలో లేకపోతే ఎవరి దగ్గరికి పంపుతారు? లైసెన్సు ఉందన్నవాళ్ళ పేరు రాష్ట్ర బోర్డు వెబ్‌సైటులో వెతికితే తెలిసిపోతుంది. మూడో ప్రశ్నకు "ఎక్కడికీ పంపం, అంతా ఇక్కడే అవుతుంది" అన్న జవాబు వస్తే లేచి వచ్చేయడమే మంచిది.

వీసా భయం గురించి ఒక మాట. డాక్టరును చూస్తే గ్రీన్‌కార్డు ఆగిపోతుందన్న పుకారు చాలామందిని ఆపేస్తోంది. ఇమిగ్రేషన్ చట్టంలో మానసిక వ్యాధి పేరిట అడ్డుపడే నిబంధన, ఆ వ్యాధి వల్ల తనకో ఇతరులకో హాని కలిగించే ప్రవర్తన ఉన్నప్పటి మాట. వీసా నియమాలు తరచూ మారుతుంటాయి కాబట్టి అనుమానముంటే ఇమిగ్రేషన్ లాయరును అడగండి. పుకారు విని వైద్యం మానేయకండి.

అమెరికాలో ఎక్కడి నుంచైనా 988కి ఫోన్ చేస్తే రాత్రీ పగలూ సాయం దొరుకుతుంది. 2022 జూలై నుంచి ఈ నంబరు పనిచేస్తోంది. ఇంగ్లీషులో చెప్పుకోలేకపోతే దుబాసీ కావాలని అడగవచ్చు. ఇండియాలో ఉన్న మీ వాళ్ళకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.

పాస్టరుగారు మోకాళ్ళ మీద ప్రార్థన చేయాలి. లేచి, కారు తాళాలు తీసుకుని, ఆ మనిషిని తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. దారిలో కూడా ప్రార్థన చేసుకోవచ్చు, ఎవరూ వద్దనరు. అలా తీసుకెళ్ళే సంఘం ఒక్కటి మన ఊళ్ళో ఉన్నా, పక్క ఊళ్ళో తెలుగువాళ్ళకు ఆ పేరు వెతుక్కుంటూ చేరుతుంది.